మిరపచేలో వంటగది

బసవమ్మ గురజాల చుట్టూ పాతికేళ్లు మిరప కోతలకు వెళ్లి, కూడబెట్టిందంతా పోసి త్రికోటేశ్వరరావు పొలంలో రెండు సెంట్లు కొనుక్కుంది. హద్దురాయికి పసుపు రాసి, వంటగది రావాల్సిన చోట ముగ్గు వేసుకుంది. నెల తిరక్కుండానే, పొలంలో ఇళ్లకు అనుమతి లేదంటూ అధికారులొచ్చి రాళ్లు పీకించారు. పొలం పొలంగానే ఉండాలట. మరి మనిషెక్కడ ఉండాలో ఎవడూ చెప్పలేదు. అనుమతి ఉన్న స్థలాలు కొన్నే కావడంతో వాటి ధర మూడింతలైంది. ఆమె ఉండే రేకుల గది అద్దె కూడా పెరిగింది.

త్రికోటేశ్వరరావు డబ్బు తిరిగివ్వలేదు, ఆ పొలంలో మళ్లీ మిరప వేశాడు. అద్దె కోసం ఆ కోతకే వెళ్లింది బసవమ్మ. ముగ్గు వేసిన చోటికి వచ్చేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏమే, ఆగావేంది?" గట్టు మీంచి అరిచాడతను.

"ఏం లేదయ్యా. నా పొయ్యి కాడ కాపు చానా బాగుంది."