ఆముదం తాగిన తోలు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మంటలార్పే దళానికి మొదట్లో ఉన్నవి ఇరవై బకెట్లు, రెండు నిచ్చెనలు, ఒక ఇసుక పెట్టె. 1909లో చేతిపంపు వచ్చింది. ఇనుప చక్రాల బండి మీద రెండు ఇత్తడి గొట్టాలు, ఇటు నలుగురూ అటు నలుగురూ పట్టుకుని ఊపడానికి పొడవాటి కర్రలు. ఊళ్ళో హిందీవాళ్ళు దాన్ని బంబా అన్నారు. మనవాళ్ళూ అదే అన్నారు. దాన్ని చూసుకోవడానికి లోకోషెడ్ నుంచి ఒక ఫిట్టర్‌ని వేశారు. అతని పేరు పోలయ్య. ముప్పైనాలుగేళ్ళు అదే పని చేశాడు.

పోలయ్య తండ్రి పాలకొండ వైపు నుంచి రైలుకట్ట పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పోలయ్యకు అక్షరం ముక్క రాదు. ఎవరైనా పని చేస్తుంటే పక్కన నిలబడి చూసేవాడు, తర్వాత తనూ చేసేవాడు, చెడితే విప్పి మళ్ళీ చేసేవాడు. దళంలో కుర్రాళ్ళమైన మాకూ అలాగే నేర్పాడు.

బంబా పనిచేయాలంటే గొట్టంలో పైకీ కిందకీ ఆడే తోలు బిళ్ళలు బాగుండాలి. గేదెతోలు గుండ్రంగా కోసి, నీళ్ళల్లో నానబెట్టి, చెక్క అచ్చులో నొక్కి గిన్నెలా చేసి నీడన ఆరబెట్టాలి. ఆ తర్వాత గోరువెచ్చటి ఆముదంలో ఒక పూటంతా ఉంచాలి. ఆముదం చల్లగా ఉంటే లోపలికి ఇంకదు. మరీ కాగితే తోలు బిరుసెక్కి పెళుసుబారుతుంది. వేలు పెడితే ఓర్చుకోగలిగినంత వేడి ఉండాలి. అయితే ఏళ్ళ తరబడి కాలిన ఇనుము పట్టి పోలయ్య వేళ్ళు మొద్దుబారిపోయాయి. వాటికి వేడి తెలియదు.

"నీ వేలు పెట్టి చూడే," అనేవాడు భార్య అప్పయమ్మతో.

ఏటా ఎండలు ముదిరేలోపు బిళ్ళలు మార్చాలి. ఆ రోజు క్వార్టర్ పెరట్లో పొయ్యి ముందు అప్పయమ్మే కూర్చునేది.

తల్లి పోవడంతో ఆమె కాపురానికి వస్తూ ఏడేళ్ళ తమ్ముడు అమ్మన్నను వెంట తెచ్చుకుంది. ఆ దంపతులకు పిల్లలు లేరు. అమ్మన్నే కొడుకులా పెరిగాడు. పెద్దయ్యాక షెడ్‌లో పనిలో చేరి, బంబా దళంలో నీళ్ళు చిమ్మే ఇత్తడి కొమ్ము పట్టుకునేవాడయ్యాడు. నోరు ఊరుకునేది కాదు.

"అక్కా, మా బావకి ఇద్దరు పెళ్ళాలే. నువ్వొకర్తివి, ఆ బంబా ఒకర్తి."

"అదే పెద్దదిరా. నాకన్నా ఏడాది ముందొచ్చింది."

"దాన్ని నానబెట్టే ఆముదంలో సగం నా తలకి రాస్తే ఈపాటికి నాకు పిల్లనిచ్చీద్దురు."

"నీ తలకి రాస్తే ఏటొస్తాది, దానికి రాస్తే నీళ్ళొస్తాయి," అనేవాడు పోలయ్య. నవ్వు దాచుకోవడం అతనికి సరిగా వచ్చేది కాదు.

1926 మే నెలలో ఒక మధ్యాహ్నం గూడ్స్ షెడ్ అంటుకుంది. ఎలా అంటుకుందో తేలలేదు. షెడ్ నిండా బీడీ ఆకు కట్టలు, చివర లక్క బస్తాలు. లక్క అంటుకుంటే కరిగి పారుతూ మండుతుంది. మంట అక్కడికి పోకుండా అడ్డుకోవాలని అమ్మన్న కొమ్ము పట్టుకుని లోపలికి వెళ్ళాడు. నీటిగొట్టం మెలిక పడకుండా పోలయ్య గుమ్మంలో నిలబడ్డాడు. నలభై గజాల వెనక బంబా. కర్రలు ఊపేవాళ్ళకు మేస్త్రీ సూర్యం.

మంట ఒక్కసారిగా లక్క వైపు తిరగడం పోలయ్య చూశాడు. ఇంకా జోరుగా కొట్టించాలని వెనక్కి తిరిగి గొంతు చించుకుని అరిచాడు.

"ఆర్పండి! ఆర్పండ్రా!"

కర్రలు ఆగిపోయాయి.

అతని చేతికింద గొట్టం చప్పబడింది. పోలయ్య బంబా దగ్గరికి పరిగెత్తాడు, తనే కర్ర పట్టుకుని ఊపాడు. నీళ్ళు మళ్ళీ గొట్టంలోకి ఎక్కేసరికి లక్క అంటుకుంది. కప్పు అమ్మన్న మీద కూలింది.

సూర్యం అతని భుజం పట్టుకున్నాడు. "ఆపమన్నావు గదన్నా. నువ్వే అన్నావు గదా."

"ఆర్పమన్నానురా."



మన ఇళ్ళలో దీపం ఆర్పమని ఎవరూ అనరు. అది చావు మాట. కొండెక్కించమంటారు. పుట్టినప్పటి నుంచి ఇంట్లో వినని మాట అంత గోలలో చెవికి అందలేదు. రోజూ వినే ఆపు అన్న మాటే అందింది. ఆ రెండు మాటలకూ మధ్య తేడా ఒక్క రకారం.

ఇదంతా విచారణకు వచ్చిన దొరకు ఎవరు చెప్తారు? చెప్తే సూర్యం ఉద్యోగం పోతుంది. పోలయ్య సూర్యాన్ని పక్కకు పిలిచి, "నువ్వేటీ మాటాడకు," అన్నాడు. దొర ముందు నిలబడి తోలు బిళ్ళ పోయిందనీ, అది తన పని లోపమనీ చెప్పాడు. షెడ్‌లో అతని చేతిపనిని వేలెత్తి చూపినవాడు అంతవరకూ లేడు. అలాంటిది ఆ నింద తన మీద తనే వేసుకున్నాడు. ఏడాది తిరక్కుండా సూర్యం చక్రధర్‌పూర్ బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు.

కానీ పోలయ్య ఆ అబద్ధం ఆడింది సూర్యం కోసమే కాదు.

పదో రోజు వెళ్ళాక అప్పయమ్మ అడిగింది. "నీళ్ళెందుకాగినాయి మామా?"

నీ తమ్ముణ్ణి నా నోరే చంపిందని ఆమె కళ్ళల్లోకి చూసి చెప్పడం అతని వల్ల కాలేదు.

"తోలు పోయిందే," అన్నాడు.

అప్పయమ్మ ఏడవలేదు. తన కుడిచేయి కేసి చాలాసేపు చూసుకుంది. దుఃఖం అలా ఉంటుంది కాబోలు అనుకున్నాడు. మరుసటి ఏడు ఆముదం కాచే రోజున ఆమె పొయ్యి దగ్గరికి రాలేదు. "నాకు చేత కాదు, నువ్వే చూసుకో," అంది. అప్పటి నుంచి అతను ఆముదంలో కరివేపాకు వేసి చూసుకునేవాడు. చిటపటమంటే దించి, గోరువెచ్చగా చల్లారాక తోలు వేసేవాడు.

దళంలో మాత్రం ఒక కట్టుబాటు పెట్టాడు. మంట దగ్గర నోటిమాట లేదు. ఈల ఒకటి ఊదితే నీళ్ళు, రెండు ఊదితే నిలపడం. మూగ దళమని కాలనీలో నవ్వారు. కుదుదండ్‌లో గడ్డివాములు అంటుకున్నప్పుడూ, తఖత్‌పూర్ బాటలో కలప అడితి కాలినప్పుడూ ఈలతోనే పని జరిగింది. ఆ తర్వాత దళంలో మరో మనిషి పోలేదు.

1943లో, యుద్ధం రోజుల్లో, మోటారు పంపు వచ్చింది. దాంట్లో తోలు లేదు. బంబాను షెడ్ వెనక తుక్కులోకి తోసేశారు. ఆ వానాకాలంలోనే అప్పయమ్మ జ్వరంతో మంచం పట్టింది. ఆసుపత్రి డాక్టరు చూసి పెదవి విరిచాడు. ఒక సాయంకాలం ఆమె మొగుణ్ణి దగ్గరికి పిలిచింది.

"మామా, ఒక మాట చెప్తాను. తిట్టకు."

"ఏటే?"

"ఆ ఏడు ఆముదం పొగొచ్చింది. అమ్మన్న డ్యూటీ నించొచ్చి, అక్కా గంజి పొయ్యి అన్నాడు. పోసొచ్చేసరికి పొగ. తోలు అందులోనే ఉన్నాది. దించీసినాను. నీకు చెప్పలేదు. నా తమ్ముణ్ణి నేనే సంపుకున్నాను మామా."

పోలయ్య లేచాడు. పెట్టె అడుగున గుడ్డలో చుట్టి దాచిన తోలు బిళ్ళ తెచ్చాడు. ఆ రోజు బంబాలోంచి తన చేత్తో విప్పి తీసిన బిళ్ళ. ఆమె అరచేతిలో పెట్టాడు. అప్పయమ్మ బొటనవేలితో అంచు నొక్కింది. లోపలికి వంగి, వేలు తీయగానే పైకి లేచింది. ఇంకోసారి నొక్కింది. పదిహేడేళ్ళైనా ఎక్కడా బీట లేదు.

"మెత్తగున్నాది," అంది.

"తోలు పోలేదే. నువ్వు బాగానే కాచినావు." ఆ తర్వాత తను అరిచిన మాట, సూర్యం విన్న మాట, అన్నీ చెప్పాడు.

అంతా విని "అచ్ఛా," అంది. కాసేపటికి, "మరి పదిహేడేళ్ళు నా సేత ఎందుకు మోయించినావు మామా?" అని అడిగింది.

పోలయ్య ఆమె చేతిలోంచి బిళ్ళ తీసుకుని తిరిగి గుడ్డలో చుట్టాడు. ఆమె మళ్ళీ అడగలేదు. మూడో రోజు పోయింది.

ఆ పై ఏడు ఎండలు మొదలవగానే పోలయ్య పెరట్లో పొయ్యి వెలిగించి ఆముదం పెట్టాడు. బంబా అప్పటికి తుక్కు కింద పోయింది, బిళ్ళ ఒక్కటే మిగిలింది. నేను పక్కనే ఉన్నాను. కరివేపాకు రెబ్బ అందించబోయాను. వద్దన్నాడు. గిన్నెలో వేలు పెట్టి అలాగే ఉంచాడు. ఆముదం మీద పొగ లేవడం చూసి అతని చెయ్యి పట్టుకుని లాగాను. వేలు అప్పటికే బొబ్బలెక్కింది.

"వేడెక్కిందేట్రా?" అని నన్నడిగాడు.