గుంట అడుగున ప్రసాదం

నీళ్లలోకి చేపవై దిగిన స్వామీ, ఇటుక మీద నిలబడి భక్తుల కోసం ఎదురుచూసే పాండురంగా, నీకు జయం. కంటికి కనిపించే జీవులకూ కనిపించని జీవులకూ ఆకలి ఇచ్చినవాడివి నువ్వే, అన్నం ఇచ్చినవాడివీ నువ్వే. బురదలోనూ నువ్వున్నావని చిన్నప్పటి నుంచీ పాడుతున్నాను. పాడటం వేరు, ఆ బురదను దోసిట్లోకి తీసుకుని వాసన చూసి, ఇందులో ఉన్నావా అని అడగడం వేరు. నా చేత అదీ చేయించావు. నీకు జయం.

మాది హుల్సూరు దగ్గర పల్లె. మా ఆయన, అత్తమ్మ, నేను, ముగ్గురం తులసిమాల వేసుకున్నవాళ్లం. మాల ఉన్న ఇంట్లో చేప ముట్టరు. అలాంటి ఇంటి మనిషి చేపలు పెంచుతానంటే ఊరి భజన మండలి ఊరుకుంటుందా? కానీ మాకు వేరే దారి లేదు. బోరు ఎండిపోయింది. కంది వరసగా పోయింది. చేనిలో వాననీళ్ల కోసం తవ్వించుకున్న గుంట ఒక్కటే మిగిలింది. అందులో చేపలు బతికితే ఊళ్లో ఉంటాం, లేకపోతే ఇంటికి తాళం వేసి హైదరాబాదుకు కూలికి పోవాలి.

గుంటలో చేపపిల్లలు వేసిన రోజు నుంచి భజనలో మా ఆయన చేతికి తాళాలు ఇవ్వడం మానేశారు.

"ఏమన్నా, ఏకాదశినాడు విఠ్ఠలునికి పులుసు పెడ్తవా ఏంది?" అని ఒకడు అంటే అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఏడు రోజులు తెరిపి లేకుండా నామం చెప్పే సప్తాహం ఆ ఏడూ జరిగింది. చివరి రోజు, కీర్తన చెప్పే పెద్దాయన (మేమంతా మహారాజ్ అంటాం) పదిమందిలో ఒక మాట అన్నాడు. "చేప దేవుని అవతారం. సాకేటోన్ని ఎందుకు తిడ్తరు? మిగిలిన ప్రసాదం కాళ్ల కింద పడొద్దు. తీస్కపోయి ఆ గుంటల పోయుండ్రి. జీవాలు తింటయి."

అన్నం, పప్పు, తియ్యటి షీరా నిండిన గంగాళాలు తలల మీద పెట్టుకుని, నామం చెప్పుకుంటూ ఊరంతా మా గట్టుకు వచ్చింది. మా ఆయన చేతికి మళ్లీ తాళాలు వచ్చాయి. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తర్వాత ద్వాదశి పారణలో మిగిలినా, ఎవరింట్లో సత్యనారాయణ పూజ జరిగినా, ప్రసాదం మా గుంటకే. ఆ గంగాళాలను చూసినప్పుడల్లా మండలి మమ్మల్ని వదిలెయ్యలేదని నా మనసు కుదుటపడేది.

గుంటలో ఉన్నది బొచ్చె ఒక్కటే. ఒకే రకం అయితే అన్నీ ఒకేసారి ఎదుగుతాయి, వ్యాపారి ఒకేసారి పట్టుకుపోతాడు అని చేపపిల్లలు అమ్మినవాడు చెప్పాడు. బొచ్చె పైపైన తినే చేప. మునిగిన అన్నం అడుగుకే పోయింది.

ఎండలు ముదిరాక, పొద్దున్నే చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచి మూయడం మొదలుపెట్టాయి. అత్తమ్మ గట్టు మీద నిలబడి దండం పెట్టింది. "చూడే, నామం చెప్తున్నయి!" అంది. నేనూ చేతులు జోడించాను. పెదవులు కదులుతున్నట్టే ఉంది, నిజంగా.

కొన్నాళ్లకే తెల్లని పొట్టలు తేలాయి. గుంట మీద కుళ్లిన గుడ్డు వాసన.

బసవకళ్యాణ్ నుంచి మత్స్యశాఖ మేడమ్ వచ్చింది. పొడుగాటి వెదురుబొంగు అడుగుకు గుచ్చితే బుడబుడమని బుడగలు లేచాయి. బొంగు చివర తారులాంటి నల్లటి బురద.

"ఈ ఇంట్ల ఎవరెవరు ఉంటరమ్మా?" అంది గుంట వైపు చూపిస్తూ.

"బొచ్చె ఒక్కటే మేడమ్."

"అంటే తిని లేచేటోల్లే అందరు. కింద గిన్నెలు కడిగేటోల్లు ఏరి?"

ఆమె నవ్వించాలని చూసింది, మాకు నవ్వు రాలేదు. అప్పుడు నిదానంగా చెప్పింది. ఆ బురదలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయట. గాలి అందితే కుళ్లును అరగదీసి నీళ్లకు సత్తువగా తిరిగి ఇచ్చేవి కొన్ని. అన్నం పేరుకుని గాలి అందకపోతే అవి చచ్చుబడి, గాలి అక్కర్లేనివి పెరుగుతాయి. ఆ నల్లదనం, ఆ విషపు వాసన వాటివే. పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేదీ గాలి అందకనేనట. నడిమి నీళ్లలో తినే రవ్వ, అడుగున తినే మృగాల, బంగారుతీగ చేపలు కలిపి పెంచితే, పడింది కుళ్లకముందే అవి తింటాయి. బంగారుతీగ మూతితో బురదను తవ్వుతుంది, ఆ తవ్వుడుతో అడుగుకు గాలి పోతుంది. మరీ ఎక్కువ వేస్తే మాత్రం గుంటంతా కలిపి పాడుచేస్తుంది.

"ఇప్పుడే వెయ్యకుండ్రి, ఆ విషమంత పైకి లేస్తది. ముందు సున్నం చల్లుండ్రి. ఇంజను పెట్టి అవే నీళ్లు పైకి లాగి మళ్ల గుంటలనే పోయుండ్రి, గాలి కలుస్తది. అన్నిటికన్న ముందు బువ్వ బంద్."

బువ్వ బంద్. ఆ మాట మండలికి చెప్పడమెలా?

చెప్పకముందే మళ్లీ గంగాళాలు వచ్చాయి. మా ఆయన గట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు. "వద్దు మహారాజ్. పోయొద్దు" అన్నాడు.

"ప్రసాదమే వద్దంటుండు! మాల గూడ తీసెయ్యరాదు మరి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

మహారాజ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "దేవుని బువ్వతోని చేపలు సస్తయారా?"

నేనే ముందుకు వచ్చాను. "బువ్వతోని కాదు మహారాజ్. కింద దాన్ని తినేటోల్లు లేక."

ఆయన నా మాట విన్నాడో లేదో తెలియదు. గంగాళంలో చెయ్యి పెట్టి ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. మిగతాది ఎత్తించుకుని వెనక్కి తిరిగిపోయాడు. ఆ రోజు నుంచి మా గడపకు భజన రాలేదు. పండరికి కాలినడకన పోయే యాత్రకు మమ్మల్ని పిలవలేదు. ముగ్గురమే కూర్చుని పాడుకుంటే గొంతులు కలవవు, మధ్యలోనే ఆగిపోతాం.

వాసన కొంత తగ్గాక రవ్వ, మృగాల, నాలుగు బంగారుతీగలు వేశాం. మా ఆయన రోజూ నడుము లోతు దిగి అడుగు మట్టి తీసుకొస్తాడు. ఒకరోజు గోధుమ రంగు కనబడుతుంది, ఒకరోజు మళ్లీ నలుపే. ఇంటికి తాళం వేసే మాట ఇంకా ఎవరం ఎత్తలేదు.

ఈ పొద్దున చేపలు మళ్లీ పైకి వచ్చాయి. నోళ్లు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. అత్తమ్మ దండం పెట్టబోయి, చేతులు సగంలో ఆపి నా వైపు తిరిగింది.

"నామమా, ఊపిరా?"

మా ఆయన అప్పటికే ఇంజను దగ్గరికి పరిగెత్తాడు.

చదివే అమ్మలారా, అయ్యలారా, పక్కన కూర్చుని పాడేవాళ్లు మాకిప్పుడు లేరు. పైన తేలే చేపల కోసం దేవుణ్ని అడగడం నాకు వచ్చు. అడుగున ఆ చీకట్లో గాలి కోసం చూస్తున్న కనిపించని జీవుల కోసం ఎలా అడగాలో నాకు తెలియడం లేదు. ఎక్కడున్నవాళ్లు అక్కడే ఒక్కసారి చేతులు జోడించి, వాటి కోసం నాతో పాటు స్వామిని అడగండి.