మూడు భాషల్లో వద్దు

మా అమ్మకు మూడు భాషల్లో ‘వద్దు’ అనడం వచ్చు. బళ్లారి బస్సు మా ఊరు మోకలో ఆగిందంటే ఎవరో ఒకరు మూటతో దిగేవాళ్లు. చీరలాయనకు ‘బేడప్పా, ముందక్కె హోగు’, అత్తరు సాయిబుకు ‘నక్కో భాయ్’, పళ్లపొడి అమ్మేవాడికి ‘వద్దప్పా, ముందుకు పో’. ఎవరినీ గడప తొక్కనిచ్చేది కాదు. మా నాయనకు ఒక్క భాషలో కూడా ఆ మాట రాదు. ‘మీ నాయన చేతికి తలుపిస్తే ఊరంతా నట్టింట్లోకి వస్తాది’ అని నవ్వేది. నవ్వితే పన్ను మీద పన్ను కనబడేది.

నా పదో ఏట జ్వరంతో అమ్మ పోయింది. తలుపు నాయన చేతికి వచ్చింది.

ఆ ఎండాకాలం ఒకాయన పెద్ద పెద్ద రంగుల పటాలు గోనెపట్టాలో చుట్టుకొని వచ్చాడు. చిన్న ఫోటో ఇస్తే పెద్దది చేసి, రంగులేసి, అద్దం కట్టించి తెచ్చిస్తాడట. నేను అడ్డం నిలబడి ‘వద్దప్పా, ముందుకు పో’ అన్నాను. ఆయన నా తలమీదుగా నాయనతో మాట్లాడాడు.

“నగలు గూడా వేస్తామప్పా. లేని నగలైనా సరే, చెప్తే వేస్తాం.”

అంతే, నాయన చాప పరిచేశాడు. కాలువ నీళ్లు వస్తాయని చేను చదును చేయించడానికి అమ్మ నగలన్నీ అమ్మేసింది నాయనే. కాసులదండ, కమ్మలు, వంకీ, నడుముకు డాబు. ఒక్కొక్కటీ చెప్పి, కమ్మకు ఎన్ని రాళ్లో, ఏ రాయి ఏ రంగో కూడా రాయించాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. జాతరలో తీయించుకున్న ఫోటో, నేను ఒళ్లో ఉంటే అమ్మ నన్ను చూసి నవ్వుతున్నది, తీసి ఇచ్చేశాడు. మాకున్నది అదొక్కటే.

రెండు నెలలకు పటం వచ్చింది. ఇచ్చినాయన టీ కూడా తాగకుండా బస్సెక్కాడు. గోనెపట్టా విప్పి చూస్తే నగలన్నీ ఉన్నాయి, కమ్మల రాళ్లతో సహా. ముఖం అమ్మది కాదు. ఎవరో ఆమె పెదాలు బిగించుకొని, మా అమ్మ నగలు పెట్టుకొని కూర్చుని ఉంది. పాత ఫోటో మాత్రం తిరిగి రాలేదు.

మరుసటి రోజే నాయన, నేను బళ్లారిలో ఆ పటాలు చేసే అంగడికి పోయాం. బల్ల వెనక గుమాస్తా తల ఎత్తలేదు.

“చెప్పిన నగలు ఉండాయా, లేవా?”

“ఉండాయి.”

“మరింకేందప్పా?”

“ముఖం లేదప్పా” అన్నాడు నాయన.

“కాయిదంలో నగలు రాయించినావు, వేసినాం. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు.”

ఆ సామెత ఆ రోజు నుంచీ నాకు గిట్టదు.

చిన్న ఫోటో అయినా ఇమ్మంటే, పెయింటరు దగ్గరుంది, ఆయన ఊర్లో లేడు, వచ్చే వారం రమ్మన్నాడు. వచ్చే వారం పోతే మళ్లీ వచ్చే వారం. మూడోసారి ‘యాడ పడిందో ఏమో, జరగప్పా, గిరాకీలు నిలబడినారు’ అన్నాడు. నేను అరిచాను. నాయన నా చెయ్యి పట్టుకొని బయటికి తెచ్చాడు. ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

తిరుగు బస్సులో నాయన అన్నాడు. “తప్పు నాదేమ్మా. నగలన్నీ చెప్పినా. నవ్వుతాంటాదని చెప్పలే.”

ఆ పటం పారేయడానికి ఆయనకు చేతులు రాలేదు. గోడ మీదే ఉండిపోయింది. రోజూ చూసీ చూసీ, ఇప్పుడు అమ్మను తలుచుకుంటే ఆ బిగించిన పెదాలామే వస్తుంది. పన్ను మీద పన్ను ఉండేదని తెలుసు, కనబడదు. అమ్మ ముఖం నాకు లేకుండా పోయింది.

గొంతు మాత్రం పోలేదు. గేటు చప్పుడై, ఎవరైనా సంచితో నిలబడితే, ‘వద్దప్పా, ముందుకు పో’ అంటాను. ఆ మాట వచ్చేది అమ్మ గొంతుతోనే. అందుకే వాళ్లు వెంటనే వెళ్లిపోకుండా ఇంకొకసారి అడిగితే బాగుండును అనిపిస్తుంది.