సునంద లేత్‌కు మూడో మోటారు

1999 వేసవిలో నన్ను పంజాగుట్ట సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. సెక్షన్ అంటే విద్యుత్ శాఖలో అన్నిటికన్నా కింది కార్యాలయం. వీధి స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఇళ్ల మీటర్లు, వాటి మీద వచ్చే తగాదాలు అన్నీ అక్కడే తేలాలి. అమీర్‌పేట మా పరిధిలోకే వచ్చేది. అప్పట్లో అక్కడ ఖాళీ గది కనిపిస్తే చాలు, అందులో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మొలిచేది. ప్రతి ఇన్‌స్టిట్యూట్‌కూ ఏసీలు. పొద్దున క్లాసులు మొదలవగానే ఏసీలన్నీ ఒక్కసారి వేసేవారు. కరెంటు తెచ్చే మూడు తీగల్లో, అంటే మూడు ఫేజుల్లో, ఏదో ఒకటి ఆ బరువు మోయలేక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు కొట్టేసేది.

నా గురించి కొంత చెప్పాలి. మా ముత్తాతగారి దివాణంలో, చుట్టుపక్కల ఊళ్లకు కరెంటు రాకముందే సొంత డైనమో ఉండేది. దివాణం పోయింది, భూములు పోయాయి, చివరికి ఆ డైనమో తూకానికి పోయింది. వెన్ను నిటారుగా నిలుపుకోవడం మాత్రం మాకు మిగిలింది. నేను ఇస్త్రీ మడత చెడని తెల్ల చొక్కా వేసుకునేవాణ్ని. వినియోగదారుల ఇంట మంచినీళ్లు కూడా ముట్టేవాణ్ని కాదు. పనిముట్టు పట్టడం లైన్‌మన్ వంతు, చూసి చెప్పడం నా వంతు. ఈ నియమాలను ఎవరూ నాకు విధించలేదు. నేనే పెట్టుకున్నాను.

వచ్చిన కొత్తలోనే డివిజనల్ ఇంజనీరు గారు పిలిచి ఒక పని అప్పగించారు. అమీర్‌పేటలో విశ్వనాథం గారనే రిటైర్డ్ ఉద్యోగి ఇంట్లో లేత్ మోటారు రెండుసార్లు కాలింది. శాఖ ఇచ్చే కరెంటే చెడ్డదని ఆయన ఫిర్యాదు. మూడో మోటారు బిగించే రోజున నేను స్వయంగా నిలబడి, తప్పు ఎవరిదో తేల్చుకు రావాలి. మాకు ఒక గీత ఉంది: మీటరు దాకా వైరింగ్ శాఖది, మీటరు దాటితే ఇంటివారిది. గీతకు ఏ వైపున తప్పుందో చెబితే చాలన్నారు.

లైన్‌మన్ నర్సింహను వెంటబెట్టుకుని వెళ్లాను. దారిలోనే అతను తన అభిప్రాయం చెప్పేశాడు.

“గా ఇంట్ల మోటార్లు అగరబత్తుల లెక్క కాలుతున్నయ్ సార్. ఏదో గట్టి దయ్యమే ఉన్నది.”

లేత్ అంటే లోహపు కడ్డీని తిప్పుతూ చెక్కే యంత్రం. అది కారు షెడ్డులో ఉంది. దాన్ని నడిపేది విశ్వనాథం గారి అమ్మాయి సునంద. పాలిటెక్నిక్ చదివింది, ముప్పై ఏళ్లు ఉంటాయి. వీధంతా జావా నేర్చుకుంటుంటే ఆమె ఇత్తడి కడ్డీలు తిప్పి, హాస్టళ్ల వెట్ గ్రైండర్లకు బుష్‌లు చేస్తోంది. బుష్ అంటే ఇరుసు అరగకుండా దాని చుట్టూ ఉండే గొట్టం. మధురానగర్ హాస్టళ్లలో పొద్దున్నే దోసె పడాలంటే ఈ షెడ్డు నడవాలి. మేము వెళ్లేసరికే గేటు దగ్గర హాస్టల్ యజమానురాలు ఒకావిడ ఆటోలో గ్రైండరును పక్కన కూర్చోబెట్టుకుని ఎదురుచూస్తోంది.

“సునందమ్మా, మూడు రోజుల్నుంచి పిల్లలకు ఉప్మానే పెడుతున్నా. ఇవాళ కూడా ఉప్మా అంటే నన్నే రుబ్బేస్తారు!”

షెడ్డులో గోడకు ఆనించి కొత్తగా రాయించిన పెద్ద రేకు బోర్డు ఒకటి ఉంది, ఏదో ఇన్‌స్టిట్యూట్‌ది. అదేమిటని అడిగాను. విశ్వనాథం గారు గొంతు సవరించుకున్నారు.

“ఏవండీ ఏఈ గారూ, మీ ముందే చెబుతున్నా. ఈ మోటారు కూడా కాలిందంటే లేత్‌ని తూకానికి వేసేసి షెడ్డు అద్దెకిచ్చేస్తాను. సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తాళాలకి వస్తున్నారు.”

“ఇంకా కాలకుండానే బోర్డు తెచ్చి పెట్టించారు సార్ మా నాన్నగారు,” అంది సునంద. “అంత నమ్మకం నా మీద.”

“నీ మీద కాదమ్మాయ్, మోటారు మీద.”

తూకం అన్న మాట వినగానే నా వెన్ను ఇంకాస్త బిగిసింది. మా డైనమోను బండికెక్కించిన రోజు నేను అక్కడే ఉన్నాను.

మోటారు రాణిగంజ్ నుంచి వచ్చింది, కొత్తది. మొదట మెగ్గర్‌తో లోపలి చుట్టలను పరీక్షించాం. తీగ చుట్టకూ ఇనుప ఒంటికీ మధ్య కరెంటు కారుతోందో లేదో ఆ పరికరం చెబుతుంది. కారడం లేదు. తర్వాత మోటారును నడిపి ఆపే బొత్తాల పెట్టె, అదే స్టార్టర్, దగ్గర ఎరుపు, పసుపు, నీలం అని పిలిచే మూడు ఫేజులూ కొలిచాం. మూడూ సమానంగా, ముచ్చటగా ఉన్నాయి. మోటారుకు తీగలు బిగించి, బెల్టు వేయకుండా ఒక్క క్షణం తిప్పి చూశాం. కొత్త మోటారు ఎటు తిరుగుతుందో ముందే తెలియదు. బెల్టు వేసి ఎదురు తిప్పితే, పని ముక్కను పట్టుకునే చక్ తన మర చుట్ల నుంచి ఊడి దొర్లుకుంటూ పోగలదు. మాది ఎదురే తిరిగింది. ఏవైనా రెండు తీగలు అటూఇటూ మారిస్తే చాలు, దిశ మారుతుంది. మార్చాం. బెల్టు వేసి, సునంద ఆకుపచ్చ బొత్తాం నొక్కింది.

లేత్ పాడింది. అంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు. సునంద కడ్డీకి ఉలి ఆనించగానే ఇత్తడి రజను బంగారు వర్షంలా లేచింది. గేటు దగ్గర హాస్టలావిడ చప్పట్లు కొట్టింది. నర్సింహ ఈల వేశాడు. నేను నవ్వాననుకుంటాను.

టక్! స్టార్టర్ పడిపోయి లేత్ ఆగింది, షెడ్డులో దీపం ఆరింది. ఇన్‌స్టిట్యూట్ల ఏసీలు మొదలయ్యాయి. పసుపు ఫేజ్ పోయిందని నర్సింహ నిచ్చెన తీసుకుని ట్రాన్స్‌ఫార్మర్ వైపు పరుగెత్తాడు. అతను వీధి మలుపు తిరగకముందే దీపం మళ్లీ వెలిగింది. హాల్లోంచి విశ్వనాథం గారి కేక వినిపించింది.

“వచ్చేసిందమ్మాయ్, కానీయ్!”

సునంద బొత్తాం నొక్కింది. ఈసారి లేత్ పాడలేదు, మూలిగింది. తిరగకుండా ఒకే చోట వణుకుతోంది.

“అప్పుడప్పుడూ ఇంతే సార్. చేత్తో ఒక్క తోపు తోస్తే అదే అందుకుంటుంది,” అంటూ చక్ మీదికి చెయ్యి చాచింది.

“చెయ్యి తీయండి!” అని నేను ఎర్ర బొత్తాం మీద పడ్డాను. చొక్కా అంతా గ్రీజు అయింది.

మూడు ఫేజుల మోటారుకు ఒక ఫేజ్ అందకపోతే అది తనంతట తాను కదలలేదు. ఎవరైనా తోస్తే మాత్రం తిరుగుతుంది. మూడు చుట్టలు పంచుకోవలసిన బరువును మిగిలినవే మోస్తూ, లోలోపల కాలిపోతూ తిరుగుతుంది. దీన్నే సింగిల్ ఫేజింగ్ అంటారు. ఆ రెండు మోటార్లూ ఎలా పోయాయో నాకు తెలిసింది. కానీ పోయిన ఫేజ్ వచ్చేసిందని కేక వేసిందెవరు? నర్సింహ ఇంకా స్తంభమే ఎక్కలేదు.

హాల్లోకి నడిచాను. సునంద, హాస్టలావిడ నా వెనకే వచ్చారు. మీటరు పక్కన చెక్క బోర్డు మీద మూడు గుబ్బలున్నాయి. అమీర్‌పేటలో అప్పట్లో ప్రతి ఇంటా ఇవే. ఇంట్లో ఒక్కో లైనుకు ఒక్కో గుబ్బ. ఆ లైను ఫేజ్ పోతే గుబ్బ తిప్పి, బతికున్న వేరే ఫేజ్ మీద వేసుకోవచ్చు. విశ్వనాథం గారు ఒక గుబ్బ మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

“చూశారా? ఫ్యాన్ రెక్క ఆగేలోపు మార్చేస్తాను. ఈ వీధిలో నాకంటే జోరుగా ఫేజ్ మార్చేవాడు లేడు.”

బోర్డు మూత విప్పించి చూశాను. లేత్ వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్ ఎవరో, మూడు తీగలనూ గుబ్బల ముందు నుంచి కాక గుబ్బల తర్వాత నుంచి తీశాడు. ఈయన పసుపు లైనును ఎరుపు మీదికి తిప్పగానే లేత్‌కు ఎరుపు రెండు తీగల్లో, నీలం ఒక తీగలో వెళ్తున్నాయి. ఫేజ్ పోగానే స్టార్టర్ తనంతట తాను పడిపోయి మోటారును కాపాడుతోంది. ఈయన గుబ్బ తిప్పి మళ్లీ ప్రాణం పోస్తున్నారు.

విషయం నెమ్మదిగా, మర్యాదగా వివరించాను. విశ్వనాథం గారు గుబ్బ మీద నుంచి చెయ్యి తీసి, ఆ చేతినే కాసేపు చూసుకున్నారు.

“అంటే... రెండు మోటార్లూ...”

“మీరే నాన్నా!” అంది సునంద. కోపంగా అనబోయింది కానీ మధ్యలోనే నవ్వు తన్నుకొచ్చింది. గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. ముందు హాస్టలావిడ అందుకుంది, తర్వాత విశ్వనాథం గారు. నేను కూడా ఆపుకోలేకపోయాను. డ్యూటీలో అలా నవ్వడం అదే మొదలు.

నియమం ప్రకారం నా పని అక్కడితో అయిపోయింది. తప్పు మీటరుకు అవతల ఉంది, శాఖది కాదు. కానీ సాయంత్రం తాళాలకు మనుషులొస్తారు. నర్సింహ స్తంభం మీద ఉన్నాడు. మెయిన్ ఆపించి, తీగల్లో కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకుని, స్క్రూడ్రైవర్ నేనే పట్టాను. లేత్ తీగలను గుబ్బల ముందుకు మార్చి, దానికి విడిగా మెయిన్ స్విచ్ పెట్టాను. పంజాగుట్ట చౌరస్తాలోని దుకాణం నుంచి సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ తెప్పించి స్టార్టర్‌కు కలిపాను. మూడింటిలో ఏ ఫేజ్ పోయినా మోటారును ఆపేసే చిన్న పెట్టె అది. మధ్యలో నర్సింహ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“అరె! మా సారు స్క్రూడ్రైవర్ పట్టిండు! నేను జర స్తంభం ఎక్కి దిగేసరికి దునియానే తిరగబడ్డదా?”

పరీక్షకు అతన్నే మళ్లీ పంపాను. లేత్ పాడుతుండగా ఒక ఫ్యూజు తీయించాను. టక్, లేత్ ఆగింది. విశ్వనాథం గారి చెయ్యి దానంతట అదే గుబ్బ మీదికి పోయి, మధ్యలో ఆగింది. తిప్పండి, మీ ఇష్టం వచ్చినట్టు తిప్పండి అన్నాను. తిప్పారు. దీపాలు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. సునంద ఆకుపచ్చ బొత్తాం నొక్కింది. లేత్ ఉలకలేదు, పలకలేదు. ఒక యంత్రం తిరగనందుకు అంతమంది కలిసి కేకలు వేయడం నేను మరెక్కడా చూడలేదు.

ఫ్యూజు పెట్టాక లేత్ మళ్లీ అందుకుంది. మధ్యాహ్నానికి బుష్ తయారైంది, ఆటోలోని గ్రైండరు ఇరుసు అందులో తిరిగింది. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వచ్చే వేళకు వాళ్ల బోర్డు లేత్ వెనక, రాతలు గోడ వైపు తిప్పి నిలబెట్టి ఉంది, రజను గోడకు కొట్టకుండా అడ్డంగా. వాళ్లకు ఇవ్వడానికి తాళాలు లేవని విశ్వనాథం గారే చెప్పి పంపేశారు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు, గుబ్బలు తిప్పడం మాత్రం మానలేదు. మానవలసిన అవసరమూ లేదు. మరునాడు హాస్టలావిడ సెక్షన్ ఆఫీసుకు దోసెలు పంపింది. ఆఫీసు వినియోగదారుల ఇల్లు కాదు కనుక తిన్నాను.

మోటారు కాలిందన్న ఫిర్యాదు వస్తే, ఆ తర్వాత నా సర్వీసు అంతటా మోటారును చివర చూసేవాణ్ని. ఈ ఇంట్లో కరెంటు పోగానే ముందు లేచేది ఎవరు అని మొదట అడిగేవాణ్ని.