ఆంబులెన్సు కళ పోవాలని లైట్లు మారిస్తే

నిన్న సాయంత్రం కోడుమూరు ఇవతల రోడ్డు పక్కన ఆడి ఊరోళ్ళందరికీ మా అత్త బీపీ సూసింది, తెలుసునా? మా అత్త డాక్టరేం గాదప్పా! ఎమ్మిగనూరులో మగ్గం పని, వంట పని తప్ప ఇంకోటి ఎరగని మనిషి. అంతా నేను బండిలో పెట్టిన ఎల్‌ఈడీ లైట్ల పుణ్యం. నవ్వద్దండి, ముందు టీ తాగండి, సెప్తా.

ఆదోనిలో నాది సెల్‌ఫోన్ రిపేరు అంగడి. అంగట్లో పనిలేనప్పుడల్లా వీడియోలు సూసి సూసి నాకొక పిచ్చి పట్టింది. బండిలోనే పరుపు, బండిలోనే పొయ్యి, యాడ ఆపితే ఆడే మన ఇల్లు! కొత్తది కొనే తాహతు యాడుంది? ఒక పాత ఆంబులెన్సు సవకగా దొరికితే తెచ్చేసినా. ఎర్ర రాతలన్నీ గీకించినా, లోపలంతా ప్లైవుడ్డు కొట్టించినా, పరుపు మీద మంచి ఎమ్మిగనూరు దుప్పటి పరిచి, నా భార్య సుజాతను పిలిచి గొప్పగా సూపించినా. ఆమె లోపలికి తొంగి సూసి, "సెలైన్ సీసా యాడ తగిలించల్ల?" అనింది.

మా మామ ఇంకా మొండి. "యాగంటికి పోదాం రా మామా, రాత్రికి దాంట్లోనే పండుకోవచ్చు" అంటే ఏమన్నాడో తెలుసునా? "నా కాళ్ళతో నేను నడిసే రోజుల్లో ఆంబులెన్సు ఎక్కేది లేదు!" అన్నాడు. దాంతో సుజాత తీర్పు సెప్పేసింది. "మా నాయన ఈ బండి ఎక్కల్ల, నవ్వుతా దిగల్ల. లేదంటే మర్నాడే దీన్ని పాత ఇనుమోళ్ళకు ఇచ్చేస్తా. వాకిట్లో ముగ్గేసే జాగా కూడా లేకుండా పోయింది."

పాత ఇనుమా! నా పానం ఉసూరుమనింది. బాగా ఆలోచన చేస్తే తప్పంతా లోపలుండే లైట్లదే అనిపించింది. ఆ పసుపుపచ్చ బల్బుల కింద కూర్చుంటే ఎవురి మొగమైనా కామెర్లు వచ్చినట్లుంటాది. మంచి ఎల్‌ఈడీలు పెడితే హోటల్ రూం మాదిరి అయిపోతాది గదా! అంగడాయన్ని "అన్నిటికంటే ఎక్కువ వెలుగుండేవి, పాల మాదిరి తెల్లగుండేవి ఇయ్యి" అని అడిగి మరీ తెచ్చుకున్నా. ఆ మాట నా నోటితోనే అన్నాను సూడండి.

పాతవి పీకి, కొత్తవి పెట్టి, స్విచ్చి వేస్తే ఒక్కటీ వెలగలే. బల్బు తీసి నేరుగా బ్యాటరీకి తాకిస్తే ధగధగా వెలుగుతాది. మళ్ళీ హోల్డర్లో పెడితే చీకటి! ఇంకేముంది, వైరింగులోనే లోపమని తేల్చేసినా. దినమంతా సెల్లులు విప్పేవాణ్ణి, నాకు ఇదొక లెక్కా? కొత్తగా కొట్టించిన ప్లైవుడ్డు పీకేసినా. వైర్లు బయటికి లాగినా. ఏ రెండు వైర్లు తాకించినానో ఏమో, టప్పుమని ఫ్యూజు పోయింది, దాంతోపాటు హారన్ పోయింది. గోరుచుట్టు మీద రోకటి పోటు! సుజాత వాకిట్లోంచే, "వెలిగినాయా?" అని అడిగింది. "సిస్టం చెక్ చేస్తాండా!" అన్నా. అట్లా అంటే మళ్ళీ అడగరని మా అంగట్లో నేర్చుకున్న విద్య.

ఫ్యూజు మార్చినా, హారన్ వచ్చింది, లైట్లు మాత్రం రాలే. విసుగుతో బల్బు పీకుతుంటే చెయ్యిజారి కింద పడింది. తీసి మళ్ళీ పెట్టినా. భగ్గుమని వెలిగింది! అప్పుడు అర్థమైంది. పాత బల్బులు ఎట్లా పెట్టినా వెలుగుతాయి, ఈ ఎల్‌ఈడీలకు ప్లస్సు, మైనస్సు ఉంటాయి. నేను అన్నిటినీ తిరగేసి పెట్టినా. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. సెల్లులో బ్యాటరీ తిరగేసి పెట్టే కస్టమర్లను నేనెంత ఎగతాళి చేసినానో తలుచుకుంటే సిగ్గయింది.

అంతటితో ఊరుకుని ఉంటే బాగుండు. వెలిగినవి గమ్మునుండక మినుకుమినుకు మని కొట్టుకుంటాండాయి. పాత స్విచ్చి లూజు. కొత్త స్విచ్చి తేవల్లంటే బజారుకు పోవల్ల, అవతల సుజాత "మా అమ్మోళ్ళు తయారై కూర్చున్నారు, ఎంతసేపు?" అని ఫోన్ సూపిస్తాంది. సరేలే, ఇప్పటికి అని స్విచ్చిని ఉన్నచోటే వదిలేసి, లైట్ల వైర్లు రెండూ మెలేసి నేరుగా బ్యాటరీకి కలిపేసినా. టేపు చుట్టినా, ప్లైవుడ్డు బిగించినా, లైట్ల మూతలు ఊడకుండా గమ్ము కూడా పూసినా. ఏ పని చేసినా గట్టిగా చెయ్యల్ల గదా! ఎండలో లైట్లు వెలగతాండాయో లేదో ఎవురు సూస్తారు?

ఎమ్మిగనూరులో మామను బతిమాలి బతిమాలి ఎక్కించినాం. అత్తయితే సంతోషంగా ఎక్కింది, తన బీపీ మిషన్ సంచితో సహా. ఆ మిషన్ లేనిదే ఆమె పక్కింటికి కూడా పోదు. మామ దారి పొడవునా మూతి ముడుచుకునే కూర్చున్నాడు. పొద్దు వాలే యాళకు కోడుమూరు ఇవతల ఒక టీ హోటల్ పక్కన ఆపినా. వంట చేసుకుని, తిని పండుకుని, తెల్లారి యాగంటికి పోవల్లని ప్లాను.

చీకటి పడతానే నా బండి సూడాలప్పా! తెల్లటి బండి, వెనక తలుపులు తీసి ఉన్నాయి, లోపల పాలు పోసినంత తెల్లటి వెలుగు, ఆ వెలుగులో ఒక మంచం. గీకించిన ఎర్ర రాతల మచ్చలు కూడా దూరంనుంచే కనపడతాండాయి. హోటల్ రూం మాట దేవుడెరుగు, ఆపరేషన్ థియేటర్ మాదిరి ఉంది.

మామ దాన్ని ఎగాదిగా సూసి, "లైట్లార్పు" అన్నాడు.

స్విచ్చి నొక్కినా. ఆరలే. అప్పుడు గుర్తొచ్చింది, ఆ స్విచ్చికీ లైట్లకూ సంబంధం నేనే తెంపేసినానని! మూతలు పీకుదామంటే గమ్ము. ప్లైవుడ్డు విప్పుదామంటే స్క్రూడ్రైవరు లేదు, బ్యాటరీ వైరు ఊడదీద్దామంటే పానా లేదు. వంట గిన్నెలకు జాగా కావల్లని పనిముట్ల పెట్టె నేనే ఇంట్లో దించేసినా.

ఇంతలో ఒక అవ్వ కట్టె పట్టుకుని వచ్చింది. "అప్పా, కండ్లు సూసే డాక్టరు యాడ?"

"డాక్టరు లేడవ్వా, ఇది మా సొంత బండి."

"పొద్దుపోయిందనా? రేపు రావల్లనా?"

"అవ్వా, ఇది ఆసుపత్రి బండి గాదు. మేం తిరగడానికి చేయించుకున్న బండి!"

అవ్వ లోపలి మంచాన్ని, లైట్లను, నన్నూ మార్చి మార్చి సూసింది. నమ్మలే. "పేదోళ్ళమని యాల తిప్పుతావు నాయనా?" అనింది. అంతే, టీ తాగుతాండోళ్ళంతా లేసి వచ్చినారు. ఒకాయన మోకాళ్ళ నొప్పన్నాడు, ఇంకొకామె తల తిరుగుతాదనింది. నేను కాదు కాదంటే వాళ్ళకు కోపం వస్తాంది.

అప్పుడు అత్త తన సంచి తీసింది. "పాపం, అంత దూరం నడిసి వచ్చినారు. బీపీ అన్నా సూస్తా రాండి" అని మంచం మీద సర్దుకుని కూర్చునింది. "ఈ వెలుగులో అంకెలు ఎంత బాగా కనపడతాండాయే!" అని మురిసిపోయింది. ఎక్కువున్నోళ్ళకు "పెద్దాసుపత్రికి పోయి సూపించుకోండి, ఊరికే ఉండద్దు" అని గట్టిగా సెప్పి పంపిస్తాంది. మామ సంగతి సూడండి! దారంతా మాట్లాడనోడు బండెక్కి వెనక తలుపు దగ్గర నిలబడి, "తోసుకోవద్దు, లైన్లో రాండి, సెప్పులు ఆడ ఇడవండి" అని పెత్తనం చేస్తాండాడు. సుజాత ఒక్కొక్కరికీ మంచినీళ్ళు ఇస్తాంది. పాపం, వంట సంగతి ఎవురికీ గుర్తులేదు.

నాకు మాత్రం ఒకటే దిగులు. రేప్పొద్దున నా బండి పాత ఇనుముకే పోతాది! ఆ దిగుల్లో అటూ ఇటూ తిరుగుతాంటే అత్త పిలిచింది. "నాయనా, మొగమంతా ఎర్రగయిందే! రా, నీకూ సూస్తా."

పట్టీ చుట్టింది. మిషన్ గుర్రుమనింది. అత్త అంకె సూసింది. రెండో చేతికి చుట్టింది. మళ్ళీ సూసింది.

"అయ్యో దేవుడా! ఇంతమందిలో నీదే ఎక్కువుంది గదా నాయనా! పండుకో, పండుకో!"

నన్ను పట్టుకుని మంచం మీద పండబెట్టింది. నెత్తి మీద నా ఎల్‌ఈడీలు కండ్లు మూసినా కనపడతాండాయి. లైన్లో ఉండేవాళ్ళంతా తొంగి తొంగి సూస్తాండారు. కండ్ల డాక్టరు కోసం వచ్చిన ఆ అవ్వ నా కాలు నిమిరి, సుజాతతో, "పాపం, ఈ పేషెంటును ఏ ఊరికి తీసుకపోతాండారమ్మా?" అనింది.

సుజాత కొంగు నోట్లో కుక్కుకునింది. మామ మాత్రం ఆపుకోలేకపోయినాడు. పడీపడీ నవ్వినాడు, కండ్లెంట నీళ్ళు పెట్టుకుని నవ్వినాడు, నవ్వుతానే బండి దిగినాడు. దిగి, కూతురి వైపు తిరిగి అన్నాడు గదా:

"బండి అమ్మద్దులే పాపా. మీ ఆయన వరస సూస్తే, మనకు ఆంబులెన్సు అవసరం పడేటట్లుంది."