దగ్గిన గడ్డిమనిషి

ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ ఒక గడ్డిమనిషి నిలబడి ఉంటాడు. పాత చొక్కా, కుండ తల, బొగ్గుతో గీసిన కళ్ళు, చేతిలో చెక్క కత్తి. ఊళ్ళోకి జబ్బు వచ్చిందంటే మెకాంగ్ నది ఒడ్డు జనం మొదట చేసే పని ఇదే. జబ్బును తెచ్చే దయ్యం రోడ్డు మీంచి వస్తుంది కాబట్టి బొమ్మల చూపు రోడ్డువైపే ఉండాలి. కానీ అదే వీధిలో ఉండే ఫల్లీ మొగుడు ఎయిడ్స్‌తో పోయినప్పటి నుంచీ అవన్నీ ఆమె ఇంటివైపే చూస్తున్నాయి.

 వాకిలి ఊడుస్తుంటే వీపు మీద అన్ని కళ్ళు. జావ దుకాణంలో ఆమె గిన్నె వేరు. అదీ భరించింది. తనకూ అదే వైరస్ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటుంది. క్షయ వస్తే మందు మధ్యలో మానకుండా వాడి బతికి బట్టకట్టింది. ఆపైన తనలాంటి ఆడవాళ్ళ సంఘంలో చేరి, దగ్గేవాళ్ళకి పరీక్ష కోసం కఫం పట్టే డబ్బాలు సంచీలో వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది.

ఒక మిట్టమధ్యాహ్నం, కుక్క కూడా కదలని ఎండలో, ముసలమ్మ సావ్ ఇంటి ముందు గడ్డిమనిషి దగ్గాడు.

ఫల్లీ ఒక్కతే కాదు, వీధంతా విన్నది ఆ దగ్గు.

"నీ మొగుడే దూరాడే దాన్లో! పిల్లలు జడుసుకుంటున్నారు. ఇక ఆ ఇంటివైపు అడుగు పెట్టకు," అంది జావ దుకాణమామె.

"బతికుండగా మంచం దిగనోడు, చచ్చాక వీధికి కాపలా కాస్తాడా?" అని ఫల్లీ నవ్వేసింది. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. అచ్చం మొగుడి చివరి రోజుల దగ్గే అది. పైగా సావ్ కోడలు రొమ్‌దుల్ కొన్నాళ్ళుగా బయట కనబడటం లేదు. ఆ పిల్ల నిండు గర్భిణి. దగ్గు ఆమెదే అయితే రెండు ప్రాణాలు పోతాయి.

మర్నాడు అదే వేళకి సావ్ ఇంటి ముందుకి వెళ్ళింది. గాలి లేదు. అయినా బొమ్మ చొక్కా ఉబ్బుతోంది, తగ్గుతోంది.

"ఎవరది?"

"వెళ్ళిపో పిన్నీ," అంది బొమ్మ.

 ఫల్లీ వెనక్కి తిరిగి పోకుండా బొమ్మ చుట్టూ తిరిగి చూసింది. తాటాకు చాప కింద రొమ్‌దుల్ ముడుచుకుని, బొమ్మ వీపుకి నోరు ఆనించి ఉంది.

"దగ్గంతా దీన్లోకి ఊదెయ్యమంది అత్త. రోజూ ఊదుతున్నా పిన్నీ. ఇది నిండటం లేదు, నేనే ఖాళీ అయిపోతున్నా."

కర్ర టకటకలాడించుకుంటూ సావ్ మెట్లు దిగింది. "పోవే! నీ దయ్యాన్ని నువ్వే తీసుకుపో!"

"తీసుకుపోతా పెద్దమ్మా. బొమ్మనా, కోడల్నా? నువ్వే చెప్పు."

 లోపల బిడ్డ తన్నిందేమో, రొమ్‌దుల్ కడుపు పట్టుకుని మూలిగింది. సావ్ చేతిలోంచి కర్ర జారింది. "తెలిస్తే వీధంతా మమ్మల్ని వెలేస్తారే," అని గొణిగి, కోడలి తలకి తన కండువా కట్టింది.

ఆరోగ్య కేంద్రంలో క్షయ అని తేలింది, ఆ పూటే మందు మొదలైంది. ఆ వైరస్ కోసం చేసిన రెండో పరీక్షలో ఏం తేలిందో ఫల్లీ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా చెప్పేది లేదు. బిడ్డ మాత్రం ఆరోగ్యంగా పుట్టింది.

మందు మొదలైన ఆ రోజు వాళ్ళు కేంద్రం నుంచి తిరిగొచ్చేసరికి వీధిలో మనిషి లేడు. గడ్డిమనుషులందరూ సావ్ ఇంటివైపు తిరిగి ఉన్నారు. ఎవరు తిప్పారో చూసినవాళ్ళు లేరు.

"ఇన్నేళ్ళూ నిన్ను ఇలాగే చూశాయటే?" అంది సావ్.

"ఇలాగే పెద్దమ్మా."

సావ్ వెళ్ళి మొదటి బొమ్మ భుజాలు పట్టుకుని రోడ్డువైపు తిప్పింది. ఫల్లీ రెండోదాన్ని తిప్పింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ మూసిన తలుపుల్లో ఒకదాని వెనక, అణచుకుంటున్న దగ్గు.

ఇది చదివేవాళ్ళకి ఒక్క మాట. మీ వీధిలోనూ మూసిన తలుపులున్నాయి. చెవి పెట్టి వినండి. దగ్గు వినబడితే తప్పుకుని పోకండి. తలుపు తట్టండి. పరీక్షకి తోడు వెళ్ళండి. తేలినదాన్ని మీలోనే దాచుకోండి. మీ ఇంటి గిన్నెలోనే వాళ్ళకీ జావ పోయండి.