బొమ్మ ట్యాంకుకు ఫస్ట్ సర్వీసింగ్

నాచారం ఫ్యాక్టరీలో నన్నందరూ 'గ్రీస్ అన్న' అని పిలిచేవారు. షెడ్డులో ఉన్న యంత్రాలన్నిటికీ నూనె పోయడం, గ్రీసు పెట్టడం నా పని. పద్దెనిమిదేళ్లు అదే చేశాను కాబట్టి, ఈ భూమ్మీద తిరిగే ప్రతి వస్తువూ నా చేతి గ్రీసు కోసమే ఎదురుచూస్తోందని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇంట్లో తలుపు బందులకు పెట్టాను. కుట్టుమిషనుకు పెట్టాను. ఒకసారి మా ఆవిడ గొడుగుకు కూడా పెట్టాను. ఆ వానాకాలమంతా ఆమె చీరల భుజాల మీద నల్లమరకలే. చుట్టాలు వస్తే ఆ మరకలు చూపించి మరీ నా ఉద్యోగం గురించి చెప్పేది.

ఈ విద్య నాకు నేర్పింది మా మామ. అప్పటికింకా మామ కాదు, ఉస్తాద్. అదే షెడ్డులో పెద్ద ఫిట్టర్. నేను బేరింగులో గ్రీసు ఎక్కువ కుక్కితే వెనక నుంచి వచ్చి నడినెత్తి మీద ఠంగుమని మొట్టికాయ వేసేవాడు. "పెండ్లి బువ్వ వెడ్తున్నవారా? జరంత సాలు" అనేవాడు. తర్వాత నాలో ఏం చూశాడో గాని, తన బిడ్డనిచ్చి పెళ్లి చేశాడు. ఆ రోజు నుంచి మొట్టికాయలు బంద్. అల్లుడి మీద చెయ్యెత్తకూడదు కదా! నేను తప్పు చేస్తే, నేను ఎదురుగా ఉండగానే, బిడ్డను పిలిచి "అల్లునికి జర జెప్పమ్మా" అనేవాడు. నిజం చెప్తున్నాను, ఆ మర్యాద కంటే నాకు మొట్టికాయే నయమనిపించేది.

అత్త పోయాక, రిటైరైన మామ చిల్కానగర్‌లో మా దగ్గరికే వచ్చాడు. ఒక ఎండాకాలం పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది, కాలు కూడా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఆ ఏడు దసరా నాడు జమ్మి ఆకు తెచ్చి, బంగారం తీసుకో మామా అని ఆ చేతిలో పెట్టాను. వేళ్లు ముడుచుకోలేదు. ఆకు జారి గడప దగ్గర పడింది. మామ దానివంక చూసి, తర్వాత గోడ వైపు చూశాడు. ఎన్ని గేర్‌బాక్సులు విప్పి బిగించిన చెయ్యి అది!

దవాఖానాలో కసరత్తు చేయించే ఆమె ఒక మెత్తటి బంతి ఇచ్చి, రోజూ పిసకమంది. ఈ నాలుగైదు నెలలు వేళ్లను ఆడించకపోతే ఇక ఎప్పటికీ రావని కూడా చెప్పింది. మామ ఆ బంతిని మంచం కిందికి నూకేశాడు. "నేనేమన్న పసిపిల్లగాన్నా?" అన్నాడు.

అందుకే కోఠీకి పోయి రిమోట్‌తో నడిచే బొమ్మ ట్యాంకు ఒకటి కొనుక్కొచ్చాను. 'అందుకే' అన్నాను గాని, అది సగమే నిజం. దుకాణం అద్దాల వెనక ఆ యుద్ధట్యాంకును చూసినప్పటి నుంచి నా ప్రాణం దానిమీదే ఉంది. నలభై దాటిన మనిషి బొమ్మ కొనాలంటే ఏదో ఒక సాకు కావాలి. నాకు మామ చెయ్యి దొరికింది. రిమోట్ మీద రెండు మీటలున్నాయి. ఎడమ మీట నొక్కితే ఎడమ చక్రాల చుట్టూ ఉన్న పట్టా కదులుతుంది, కుడి మీట నొక్కితే కుడి పట్టా. రెండూ కలిపి నొక్కితేనే ట్యాంకు ముందుకు పోతుంది. ఒక్కటే నొక్కితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది.

ఇంటికి కొత్త బండి వస్తే పూజ చేయకుండా ఎలా ఉంటాం? పసుపు రాశాను, కుంకుమ పెట్టాను, రెండు పట్టాల కింద రెండు నిమ్మకాయలు పెట్టి రిమోట్ నొక్కాను. నిమ్మకాయలు నలగలేదు. ట్యాంకే వాటి మీదికి ఎక్కలేక వెల్లకిలా పడి, కాళ్లు కొట్టుకునే పురుగులా పట్టాలు తిప్పుకుంటూ ఉండిపోయింది. చివరికి నిమ్మకాయలను నేనే చేత్తో నలిపి శాస్త్రం కానిచ్చాను. మంచంలో ఉన్న మామ నవ్వాడు. చాలా నెలల తర్వాత విన్న నవ్వు అది.

ఆ నవ్వు మీదే రిమోట్ తెచ్చి ఒళ్లో పెట్టాను. ఎడమ బొటనవేలితో నొక్కాడు. ట్యాంకు గుండ్రంగా తిరిగింది.

"గిదేంది, గానుగెద్దు లెక్క తిరుగుతున్నది?" అన్నాడు.

"రెండోది గూడ ఒత్తాలె మామా."

ఎడమచేత్తో కుడి బొటనవేలును ఎత్తి రెండో మీట మీద పెట్టుకున్నాడు. మొదటి రోజు ఏమీ కాలేదు, రెండో రోజూ కాలేదు. నాలుగో రోజు ట్యాంకు ఒక జానెడు నేరుగా నడిచి ఆగింది. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. వారం తిరిగేసరికి మంచం దగ్గర నుంచి గడప దాకా తోలుతున్నాడు.

అక్కడితో నేను ఊరుకోవాల్సింది.

తెలంగాణ కోసం రోజుమార్చి రోజు బందులు జరుగుతున్న కాలం. ఒక బందు నాడు ఫ్యాక్టరీ మూసేశారు. చేతికి పనిలేక ఇల్లంతా తిరుగుతుంటే ట్యాంకు కనపడింది. కొత్త బండి, ఇంకా ఫస్ట్ సర్వీసింగ్ కాలేదు! పెట్టెలో దానితో పాటు ఎలా వాడాలో చెప్పే కాగితం వచ్చింది గాని, నేను దాన్ని చదవకుండానే మడిచి, ఊగుతున్న మంచం కోడు కింద పెట్టేశాను. పద్దెనిమిదేళ్ల అనుభవానికి కాగితం పాఠం చెబుతుందా?

ఫ్యాక్టరీ గ్రీసు ఒక పచ్చడి సీసాలో ఇంట్లో ఎప్పుడూ ఉండేది. మామ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే కింద మరలు విప్పాను. లోపల ప్లాస్టిక్ గేర్లు, వాటి మీద కనిపించీ కనిపించనంత తెల్లటి గ్రీసు. తయారుచేసినవాడు ఎంత పిసినారి అనుకున్నాను. గేర్‌బాక్సులో సందు లేకుండా దట్టించాను. చక్రాలకు రాశాను. పట్టాలకు మెరిసేదాకా నూనె పట్టించాను. పెళ్లి బువ్వ మాట నాకు ఆ రోజు గుర్తే రాలేదు. అల్లుణ్ణయ్యాక నెత్తికి భయం పోయింది.

సాయంత్రం మామ రిమోట్ అందుకున్నాడు. ఆ రోజు గడప దాటించి వాకిట్లోకి తోలుతానన్నాడు. ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాల కోసం తవ్విన దుమ్మంతా మా వాకిట్లోనే ఉండేది. నూనె పట్టాలకు ఆ దుమ్ము ముద్దలు ముద్దలుగా అంటుకుంది. ఎడమ పట్టా మూలుగుతూ కదిలింది. కుడి పట్టా కదలలేదు. మామ కుడి మీట మీద బొటనవేలును అదిమాడు. నుదుటి మీద చెమట పట్టింది. ట్యాంకు మళ్లీ మొదటి రోజులాగే గుండ్రంగా తిరిగింది.

"పోయింది," అన్నాడు మెల్లగా. "చెయ్యి మల్ల పోయింది."

నోరు తెరిచి, నీ చెయ్యి కాదు మామా, నా గ్రీసు అని ఒక్క మాట అంటే సరిపోయేది. గ్రీస్ అన్న పరువు అడ్డమొచ్చింది. "బ్యాటరీ అయిపోయింటది, రేపు సూద్దాం" అన్నాను. మామ రిమోట్ పక్కన పెట్టి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

రెండు రోజులు రిమోట్ ముట్టుకోలేదు. అన్నం సగం తిని కంచం పక్కకు జరిపేవాడు. మూడో రోజు పొద్దున బిడ్డను పిలిచి, "మంచం కింద ఆ బంతి ఉంటది, పారెయ్యమ్మా. ఇగ ఎందుకది" అన్నాడు. ఆమె బంతి కోసం వంగినప్పుడు మంచం కోడు కింద కాగితం కనపడింది. బయటికి లాగి, నిలబడే చదివింది. పట్టాలకు నూనె రాయకూడదు. గేర్లకు ప్లాస్టిక్‌కు సరిపడే గ్రీసు మాత్రమే, అదీ అగ్గిపుల్ల మొన మీద పట్టేంత. వేరే గ్రీసు తగిలితే ప్లాస్టిక్ ఉబ్బుతుంది. ఆమె లేచి అలమారలో పచ్చడి సీసా చూసింది. అది సగం ఖాళీగా ఉంది. తర్వాత నన్ను చూసింది.

"నువ్వు జెప్తవా, నన్ను జెప్పమంటవా?"

సిగ్గుతో చచ్చిపోయాను. నా పరువు కాపాడుకోవడానికి ఒక మనిషిని రెండు రోజులు గోడవైపు పడుకోబెట్టాను. ట్యాంకు తెచ్చి, మామ ముందు నేల మీద కూర్చుని మరలు విప్పాను. మూత తీయగానే గ్రీసు ముద్దగా బయటికి వచ్చింది. కుడివైపు గేరు ఉబ్బి పక్క గేరులో ఇరుక్కుని ఉంది.

మామ లేచి కూర్చున్నాడు. వంగి చాలాసేపు చూశాడు.

"ఎంత వెట్టినవ్?"

పెళ్లయ్యాక నన్ను నేరుగా తప్పు అడగడం అదే మొదలు. మధ్యలో బిడ్డ లేదు, అల్లుడి మర్యాద లేదు.

"సగం సీస," అన్నాను తల వంచుకుని.

"అంటే నా చెయ్యి..."

"నీ చెయ్యి మంచిగనే ఉన్నది మామా."

నేను తల ఎత్తలేదు. కాసేపటికి నడినెత్తి మీద ఠక్కున తగిలింది. మునుపటంత గట్టిగా లేదు, కొంచెం పక్కకు కూడా పోయింది. కానీ మొట్టికాయే. తలెత్తి చూస్తే మామ ఎడమచెయ్యి మంచం పట్టె మీద ఉంది. పైకి లేచి ఉన్నది కుడిచెయ్యి. వేళ్లు నాలుగూ ముడుచుకుని ఉన్నాయి.

ఆయన కూడా ఆ పిడికిలి వైపే చూస్తున్నాడు.

నేను మళ్లీ తల వంచాను.

"ఇంకోటి ఎయ్యి మామా," అన్నాను.